తెల్లచీరల గాలిమర

కృపావరానికి ఏభై అయిదో ఏట గాలిమర పిచ్చి పట్టింది. ఆ వయసు మగవాళ్లకి గోల్ఫ్ పిచ్చో, షేర్ల పిచ్చో పట్టడం లోకంలో ఉన్నదే, ఇంట్లోవాళ్లు ఎలాగో సర్దుకుపోతారు. గాలిమర పిచ్చికి ఎవరు సర్దుకుపోతారు చెప్పండి? ఆయన భార్య కరుణమ్మ మొదటి ఏడాది కోప్పడింది, రెండో ఏడాది మాట్లాడటం మానేసింది, మూడో ఏడాది ఇక లాభం లేదని శనివారం శనివారం టిఫిన్ బాక్సులో పులిహోర కట్టి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆయన అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల గేర్‌బాక్సులు చప్పుడు చేయకుండా చూసే ఇంజనీరు. ముప్ఫై ఏళ్లుగా అదే పని. వారమంతా చప్పుళ్లు చంపి, శనివారం తెల్లారగానే కారెక్కి, రెండు గంటలు ఉత్తరంగా పోయి, హ్యూరాన్ సరస్సు ఒడ్డున పెబుల్ పాయింట్ అనే చిన్న ఊళ్లో దిగేవాడు. అక్కడ గట్టు మీద నూట ఏభై ఏళ్ల నాటి రాతి గాలిమర ఒకటి ఉంది. దాని చప్పుళ్లు వినడానికే ఆయన అంత దూరం పోయేవాడు.

ఆ గాలిమర గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే దాని యజమానురాలికి కోపం వస్తుంది. అది హాలండ్ వాళ్లది కాదు. ఊళ్లో అందరూ డచ్ మిల్లు అనే అంటారు, పెట్రోలు బంకులో అమ్మే పోస్టుకార్డు మీద దాని పక్కన తులిప్ పూలు కూడా వేశారు. ఎనభై నాలుగేళ్ల యివోన్ లెగాఫ్ ఆ కార్డు ఎక్కడ కనిపించినా తిరగేసి పెడుతుంది. దాన్ని కట్టినవాడు ఆవిడ ముత్తాత, ఈవ్ లెగాఫ్. ఫ్రాన్సు పడమటి కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన బ్రిటనీ నుంచి వచ్చిన రాతిపనివాడు. సరస్సు ఒడ్డున రాళ్లు ఏరి, ఎడ్లబండి మీద గట్టుకి తోలి, మూడు వేసవులు కష్టపడి తన ఊరి పద్ధతిలోనే కట్టుకున్నాడు. హాలండ్ గాలిమర బోర్లించిన గ్లాసులా ఉంటే ఇది నిలబెట్టిన గ్లాసులా కింద సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. ఆ తేడా కళ్లెదుట కనబడుతున్నా నూట ఏభై ఏళ్లుగా ఒక్కడికీ పట్టలేదని ఆవిడ బాధ. ఆ బాధ కృపావరానికి బాగా అర్థమైంది. ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ జనం ఆయన్ని "దీన్ని మీ హిందీలో ఏమంటారు?" అని అడుగుతూనే ఉన్నారు, ఆయన తెలుగు తెలుగు అని చెబుతూనే ఉన్నాడు. మొదటి రోజు ఆవిడ "ఇది ఏ దేశం మిల్లో తెలుసా?" అని పరీక్ష పెడితే, "నాకు తెలియదు, మీరే చెప్పండి" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆవిడ ఆయన్ని లోపలికి రానిచ్చింది.

మూడేళ్లలో ఆవిడ నేర్పింది ఇంతా అంతా కాదు. పైనున్న గుండ్రటి కలప టోపీకి వెనక నేల దాకా దిగిన పెద్ద దూలం ఉంటుంది. దాన్ని తోకదూలం అందాం. దాన్ని తోస్తే టోపీ, రెక్కలు కలిసి గాలివైపు తిరుగుతాయి. రెక్కలంటే నిచ్చెనల్లాంటి కలప చట్రాలు. వాటి మీద గుడ్డ పరిస్తేనే గాలికి పట్టు దొరుకుతుంది, గుడ్డ తీసేస్తే దొరకదు. పోయిన చలికాలం ఇద్దరూ తిరగలి రాళ్లు విప్పి, పక్కపక్కన స్టూళ్లేసుకుని, ఉలితో కక్కు కొట్టారు. అరిగిపోయిన గాడులన్నీ మళ్లీ పదునుగా లేచాయి. చిన్నప్పుడు వీధిలో తిరగళ్లకి కక్కు కొడతామని కేకేసుకుంటూ పోయే మనిషిని చూశాను గానీ, అమెరికా వచ్చి నేనే ఆ పని చేస్తానని అనుకోలేదని కృపావరం ఇంటికొచ్చి చెప్పుకుని మురిసిపోయాడు.

ఆవిడ పాఠాల్లో కొన్ని ఒట్టు పెట్టించుకున్నంత గట్టివి. మిల్లు వదిలి వెళ్లేటప్పుడు రెక్కలు గుణకారం గుర్తులా వాలుగా ఉండాలి, కూడిక గుర్తులా నిటారుగా ఉండకూడదు. నిటారుగా ఉన్న రెక్క పిడుగుని రారమ్మని పిలుస్తుంది. గుడ్డలు విప్పేసి ఉండాలి. రాళ్ల పైనున్న తొట్టిలో ఏ గింజ పోసినా ముందు చేయి పెట్టి కలియబెట్టి చూడాలి, ఒక్క మేకు రాళ్ల మధ్య పడితే నిప్పురవ్వ లేస్తుంది, చుట్టూ ఉన్నది కలప. ఇక మిల్లు అదుపు తప్పితే బ్రేకుతో కుస్తీ పట్టకూడదు, బ్రేకు కూడా కలపే, రాచుకుని అంటుకుంటుంది. "రాళ్లకి మేత వెయ్యి. నోట్లో మేత ఉంటే నెమ్మదిస్తుంది" అని వాళ్ల నాన్న చెప్పేవాడట. వాళ్ల నాన్న పోయాక అరవై రెండేళ్లుగా ఆ మిల్లు ఒక్క గింజ విసరలేదు.

ఇప్పుడు అసలు సంగతి. గాలిమర బాగోగులు చూసే కమిటీలో యివోన్‌తో కలిపి అయిదుగురు ఉన్నారు. వాళ్లు మే నెలలో ఓటు వేయాలి. మిల్లు నడపడం నేర్చిన మిల్లర్‌గా కృపావరాన్ని ఒప్పుకుంటే గాలిమర తిరుగుతుంది. లేకపోతే ఇరుసులో ఇనప బోల్టు దిగ్గొట్టి, శాశ్వతంగా ఆపేసి, బొమ్మలా నిలబెడతారు. బోల్టు అప్పుడే వచ్చి గోడవారన పెట్టెలో ఉంది. బోల్టు వైపు మాట్లాడేవాడు హ్యాంక్, ఊళ్లో ఫైర్ చీఫ్‌గా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన దుర్మార్గుడేం కాదు, కాలిపోయిన ఇళ్లు చాలా చూసినవాడు. ఇన్సూరెన్స్ ఫారంలో పదకొండో ప్రశ్న దగ్గర ఆయన వేలు పెట్టి కూర్చున్నాడు. మిల్లు అదుపు తప్పితే మిల్లర్ ఏం చేస్తాడు? కృపావరం రెండు పేజీల జవాబు, ఒక గ్రాఫు తయారుచేశాడు. యివోన్ చూసి "గాలికి గ్రాఫులు చదవడం రాదు" అని పక్కన పడేసింది. అయినా మార్చి మొదట్లో తలుపు తాళంచెవి ఒకటి ఆయన చేతిలో పెట్టి, "ఓటు దాకా అప్పు" అంది. జానెడు పొడుగు ఇనప తాళంచెవి. ఆయన దాన్ని ఆఫీసుకి కూడా కోటు జేబులో వేసుకుని పోయేవాడు. అంతగా కావాలనిపించింది ఆయనకి ఆ గాలిమర. పైకి చెప్పుకోలేదు గానీ, జీవితంలో ఇంకేదీ అంతగా అడగలేదు.

ఇలా ఉండగా ఈస్టర్ దగ్గరపడింది.

వాళ్ల తెలుగు చర్చి ప్రతి ఈస్టర్‌కి సూర్యోదయ ఆరాధన ఒక స్కూలు పార్కింగ్ లాట్‌లో చేసుకుంటుంది. సూర్యుడు ఏదో స్టోరు సైన్‌బోర్డు వెనకనుంచి లేస్తాడు. ఈసారి రెండు వారాల ముందే, ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టర్ వినయ్ కుమార్ కృపావరాన్ని పిలిచాడు.

"అన్నయ్యా, మీ గాలిమర దగ్గర చేసుకుంటే ఎలా ఉంటుందంటారు? కింద లేక్, ఎదురుగా సన్‌రైజ్. ఆ రెక్కలు సిలువలాగా నిలబెడితే ఎంత బావుంటుంది."

ముప్ఫై ఏళ్లుగా ఆ చర్చిలో కృపావరం మైకులు, స్పీకర్లు చూసుకునే మనిషి. కీచుమంటే అందరూ ఆయన వైపు తిరుగుతారు, కీచుమనకపోతే ఆయన ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. అలాంటిది అయ్యగారు నలుగురిలో మీ గాలిమర అనేసరికి ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "యివోన్ గారిని అడుగుతాను" అన్నాడు. అడిగాడు కూడా. ఆవిడ, "పాటలు పాడతారా? అయితే రండి" అంది. సిలువ సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు. మర్చిపోలేదు. చెబితే వద్దంటుందని తెలుసు, అందుకే చెప్పలేదు.

ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం గాలిమర దగ్గర కరుణమ్మ, మరో ముగ్గురు ఆడవాళ్లు ఒక సూట్‌కేసుతో దిగారు. సూట్‌కేసు నిండా తెల్లచీరలు. ఈస్టర్‌కి తెల్లచీర కట్టడం వాళ్ల ఆనవాయితీ, ఒక్కొక్కరి బీరువాలో అరడజను ఉంటాయి.

"ఉత్త చెక్క నిచ్చెనల్లాగా ఉన్నాయండీ, సిలువలాగా ఎక్కడున్నాయి? తెల్లగా కప్పితే సూర్యుడు లేచేసరికి మెరిసిపోతాయి" అంది కరుణమ్మ.

"రెక్కల మీద గుడ్డ ఉండకూడదు, కరుణా."

"రేపు పొద్దున విప్పేస్తాం కదా. ఇప్పుడు ఆకు కూడా కదలట్లేదు, చూడండి."

నిజమే, ఆకు కదలడం లేదు. ఆయన ఫోన్‌లో వెదర్ చూశాడు, గాలి లేదంది. ఇక ఇంజనీరు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. బ్రేకు గట్టిగా బిగిస్తే సరి. దానికి తోడు తిరగలి రాళ్ల పళ్లచక్రాన్ని కూడా తగిలించి ఉంచితే, ఆ బరువు కూడా ఆసరాగా ఉండి రెక్కలు కదలవు. అంతా లెక్క ప్రకారమే ఉంది. ఒక్కో రెక్కకి రెండేసి చీరలు, ముళ్లు గట్టిగా వేసి కట్టారు. జనం పడమటి పచ్చికలో నిలబడి తూర్పుకి చూస్తారు కనుక తోకదూలం తోసి రెక్కల్ని పడమటి వైపు తిప్పాడు, మిల్లు వెనకున్న యివోన్ ఇంటికి అవి కనబడవు. అన్నీ అయ్యాక వెనక్కి నడిచి చూసుకున్నాడు. నీలాకాశంలో తెల్లటి సిలువ. ఆయనకి కళ్లు చెమర్చాయి. తాను కట్టింది సిలువ కాదు, తెరచాపలన్నీ ఎత్తి ముక్కుసూటిగా పడమటి గాలికి ఎదురు నిలబెట్టిన గాలిమర అని ఆయనకి తట్టనే లేదు. మూడేళ్లు చదువుకున్నదంతా ఆ చీరల తెలుపులో కొట్టుకుపోయింది.

ఆదివారం ఆరున్నరకి అరవై మంది పచ్చికలో నిలబడ్డారు. తెల్లచీరల మీద లావు కోట్లు, తలకి ఉన్ని టోపీలు. గుమ్మం పక్కన రెండు బియ్యం మూటలు పెట్టారు. ఆ చర్చి ఆడవాళ్లకి ఊరి నుంచి తెచ్చుకున్న అలవాటొకటి ఉంది. అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. అది దేవుడి గుప్పెడు. శ్రమల కాలం అనే ఉపవాసాల నలభై రోజులూ కూడిన ఆ బియ్యం ఈస్టర్ రోజు అర్పించి, తర్వాత ఊళ్లో అన్నం లేనివాళ్లకి పంపిస్తారు.

సరస్సు అంచున ఎర్రగా వెలుగు వచ్చింది. అందరూ పాట ఎత్తుకున్నారు. రెండో చరణంలో కృపావరం మెడ వెనక చల్లగా తగిలింది. మూడో చరణంలో కరుణమ్మ టోపీ ఎగిరిపోయింది. పడమటి నుంచి వచ్చిన గాలి ఎనిమిది చీరల్లోకి ఒక్కసారి నిండింది, చీరలు బుస్సున పొంగాయి. ఆ వెంటనే గాలిమర లోపల్నుంచి ఎవరో మూలిగినట్టు ఒక చప్పుడు వినిపించింది.

అరవై మందిలో ఆ చప్పుడు విన్నది ఆయనొక్కడే. బ్రేకు జారుతోంది.

సిలువ మెల్లగా ఒరిగింది. ఒరిగి, తిరిగి, మళ్లీ నిటారుగా నిలబడి, మళ్లీ ఒరిగింది. జనం ఇది కార్యక్రమంలో భాగమనుకున్నారు. చప్పట్లు కొట్టారు, హల్లెలూయా అన్నారు. మాస్టర్స్ చదువుకునే షెరిన్ అనే అమ్మాయి ఫోన్ తీసి వీడియో పెట్టింది. వినయ్ కుమార్ ఉత్సాహం పట్టలేక గొంతు ఇంకా పెంచాడు. కృపావరం లోపలికి పరుగెత్తాడు.

లోపల చెక్క కమురు వాసన. పైఅంతస్తులో బ్రేకు తాడు పట్టుకుని వేలాడితే, పైన పొగ లేచింది. తాడు వదిలేశాడు. రాళ్లు చూడబోతే మేత లేకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వేగం అందుకుంటున్నాయి. ఆసరాగా ఉంటాయని తగిలించిన రాళ్లవి. ఇంకాసేపైతే రవ్వలు లేస్తాయి. నూట ఏభై ఏళ్ల కలప, ముందు పచ్చికలో అరవై మంది జనం, పక్కింట్లో చెవి మిషన్ తీసేసి పడుకున్న యివోన్. మేత వెయ్యి, మేత వెయ్యి. మిల్లులో గింజ లేదు. ఓటయ్యేదాకా గింజ తేకూడదని కమిటీ రూలు.

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "కరుణా, బియ్యం! బియ్యం పట్రా!"

కరుణమ్మకి కంగారు పడటానికి కూడా తీరిక లేకపోయింది. కుచ్చిళ్లు దోపుకుని, ఒక మూట తాను, ఒక మూట ఓ స్టూడెంట్ కుర్రాడి చేత మోయించి, నిచ్చెన మెట్లెక్కి వచ్చింది. కృపావరం మూట విప్పి, తొట్టి అంచు మీద ఆనించి, ఆగాడు. చేయి మూటలోకి పోనిచ్చి కలియబెట్టడం మొదలుపెట్టాడు.

"ఏంటండీ ఈ టైములో ఆ వెతుకులాట? రాళ్లేం లేవు, సూపర్‌మార్కెట్ బియ్యం. పొయ్యండి."

ఆయన చెవిన వేసుకోలేదు. చేయి దాని పని అది చేసుకుపోతోంది. మూట అడుగున వేళ్లకి సన్నగా గుచ్చుకుంది. పైకి తీస్తే పిన్నీసు. ఏ అక్క చీర కొంగు నుంచి ఊడి పడిందో ఏమో. కరుణమ్మ దాన్ని చూసింది. రెండో మూట ఆవిడే కలియబెట్టింది.

బియ్యం తొట్టిలోకి జారాయి. చప్పుడు మారింది. ఒరుపు పోయి గరగర, గరగర పోయి బరువైన మెత్తటి గుర్రు. కృపావరానికి ఆ ముప్ఫై ఏళ్లలో విన్న చప్పుళ్లన్నిట్లోకీ అది మంచి చప్పుడు. రెక్కల జోరు కాస్త తగ్గింది. ఆయన మళ్లీ కిటికీలోంచి, "అయ్యగారూ, వెనక దూలం! కుడిపక్కకి తొయ్యండి, అందరూ" అని కేకేశాడు. అప్పటికి అందరికీ సంగతి అర్థమైంది. వినయ్ కుమార్ బైబిలు ఎవరి చేతిలోనో పెట్టి, కోటు విప్పి, దూలానికి భుజం ఆన్చాడు. స్టూడెంట్ కుర్రాళ్లు పదిమంది చేయి కలిపారు. మిల్లు టోపీ కిర్రుమంటూ గాలికి పక్కకి తిరిగింది. ఒక చీర పర్రున చిరిగి, విడిపోయి, సరస్సు మీదుగా కెనడా వైపు పోయింది. రెక్కలు నెమ్మదించాయి, ఇంకా నెమ్మదించాయి. అప్పుడు ఆయన బ్రేకు తాడు మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు లాగి, రెక్కల్ని గుణకారం గుర్తులో నిలబెట్టాడు.

కిందికి దిగేసరికి గుమ్మంలో యివోన్ ఉంది. నైట్‌గౌను మీద కోటు, కాళ్లకి రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. ఎవరితో మాట్లాడకుండా లోపలికొచ్చి, పిండి జారే గొట్టం కింద చేయి పెట్టి, చిటికెడు పిండి బొటనవేలితో నలిపి, వాసన చూసింది.

"ఏం గింజ ఇది?"

"బియ్యం."

"అరవై రెండేళ్లు," అంది ఆవిడ. తర్వాత ఆయన వైపు తిరిగింది, ఇక మొదలు. చలికాలం తడి బ్రేకుకి ఇంకా ఆరలేదని, తడి బ్రేకు జారుతుందని తెలియదా అంది, రెక్కలు నిటారుగా ఎవరు పెట్టమన్నారంది, అందరి ప్రాణాలు తియ్యాలనుకున్నావా అంది. "గుడ్డల సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటారని" అన్నాడు కృపావరం.

అబద్ధమాడి ఉంటే ఆవిడ ఇంకో పది తిట్టేది. ఆ మాటకి మాత్రం తిట్టడం ఆపి చేయి చాచింది. "తాళంచెవి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. తల తీసేసినట్టయింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కసారి కూడా అలాంటి అవమానం ఆయన ఎరగడు, పైగా అందులో ఆవిడ తప్పు ఆవగింజంత కూడా లేదు.

ఆరాధన మిగతా భాగం ముగించారు. ప్రాణాలు దక్కినందుకు ప్రార్థన కొంచెం పొడుగ్గానే సాగింది. తర్వాత గోరువెచ్చటి బియ్యప్పిండి ఏం చేయాలో తోచక ఆడవాళ్లు నిలబడితే, యివోనే తన వంటింటి తలుపు తీసింది. అక్కడ గోడకి వాళ్ల నాయనమ్మ నాటి ఇనప పెనం ఉంది, బండి చక్రమంత వెడల్పు, అంచులు లేకుండా. వాళ్ల బ్రిటనీ అట్లు దానిమీదే వేస్తారట. కరుణమ్మ ఆ పెనాన్ని చూసిన చూపు కృపావరం తన పెళ్లిలో కూడా చూడలేదు. ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్ది, పల్చగా బియ్యప్పిండి అట్టు వేసి, మొదటిది ముసలావిడకే పెట్టింది. ఆవిడ తిని, ఇంకోటి అని వేలు చూపించింది.

"ఆ బియ్యం మీకు ఎక్కడివి?" అని అడిగింది తింటూ.

కరుణమ్మ తనకొచ్చిన ఇంగ్లీషులో గుప్పెడు సంగతి చెప్పింది. వండే ముందు ఒక గుప్పెడు, రోజూ, ఎవరూ చూడకుండా. ముసలావిడ తన గుప్పెట మూసి చూసుకుంది. "ఇంతేనా?" అంది. "ఇంతే" అంది కరుణమ్మ. మరుసటి వారం చర్చివాళ్లు చందాలేసుకుని, ఆ రెండు మూటలకీ బదులు నాలుగు మూటలు అన్నం లేనివాళ్లకి పంపించారు. కృపావరం మాత్రం ఆ అట్టు సగం తిని వదిలేశాడు.

ఆ తర్వాత అయిదు శనివారాలు ఆయన పెబుల్ పాయింట్ వెళ్లలేదు. తాళం లేనివాడు గుమ్మం ముందు ఏం చేస్తాడు? ఇంట్లో వాషింగ్ మెషీన్ చప్పుడు చేస్తోందని రెండుసార్లు విప్పి బిగించాడు. మూడోసారి కరుణమ్మ ఒళ్లు మండి స్పానర్లు దాచేసింది.

మే నెల మూడో శనివారం కమిటీ మీటింగ్. యివోన్ ఆ ఆదివారం సంగతి ఎవరికీ చెప్పలేదని తెలిసింది. ఊళ్లోవాళ్లు నిద్రలేవని వేళ జరిగింది కనుక చూసినవాళ్లు లేరు. షెరిన్ వీడియో చర్చి వాట్సాప్ గ్రూపు దాటలేదు.

"మీ అంతట మీరు ఎందుకండీ చెప్పడం? ఎవరూ అడగలేదు కదా" అంది కరుణమ్మ కారులో.

"పదకొండో ప్రశ్న అడిగింది కదా."

"అడిగితే మీ దగ్గర గ్రాఫు ఉందిగా."

"గ్రాఫు తేలేదు. షెరిన్ వీడియో తెచ్చాను."

కరుణమ్మ ఆయన వైపు చూసి, కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ ఆయన వైపు చూసింది. "సర్లెండి," అంది. "అందులో నేను కుచ్చిళ్లు దోపుకుని పరుగెత్తుతున్నాను, అది మాత్రం కట్ చెయ్యమనండి."

కట్ చేయలేదు. టౌన్ లైబ్రరీ గదిలో అయిదుగురూ వీడియో చూశారు. హ్యాంక్ మూడుసార్లు చూశాడు. కృపావరం నిలబడి, చేసిన తప్పులు వరసగా ఒప్పుకున్నాడు. నిటారుగా పెట్టాను, గుడ్డ కట్టాను, గాలికి ఎదురు తిప్పాను, రాళ్లు తగిలించి ఉంచాను, అన్నిటికన్నా పెద్ద తప్పు, యివోన్ గారికి చెప్పలేదు. బోల్టు వేయాలనుకుంటే దానికి కారణం నేనే, మిల్లు కాదు అన్నాడు.

హ్యాంక్ వీడియోని వేలితో ఒక చోట ఆపాడు. మసక కిటికీలోంచి కృపావరం వీపు, తొట్టి మీద వంగి ఉంది. "ఇక్కడ పన్నెండు సెకన్లు ఏం చేస్తున్నావు? పైన పొగ వస్తోంది, నువ్వు పోయకుండా ఆగావు."

"చేయి పెట్టి చూస్తున్నాను. మేకులేమైనా ఉన్నాయేమోనని."

"ఉన్నాయా?"

కృపావరం పర్సులోంచి పిన్నీసు తీసి బల్ల మీద పెట్టాడు. హ్యాంక్ దాన్ని చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లు మంటలార్పిన మనిషికి ఆ పిన్నీసు ఏమవగలిగేదో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఫారం దగ్గరికి లాక్కుని, పదకొండో ప్రశ్న కింద ఏదో రాశాడు. "మిల్లు అదుపు తప్పితే ఏం చేస్తావని అడిగాను. చూపించావు," అన్నాడు. "ఇంకోసారి చూపించొద్దు."

ముగ్గురు అవునన్నారు, ఒకరు కాదన్నారు. యివోన్ చివర్న చేయెత్తింది, ఎటువైపు ఎత్తిందో ఆమె మొహంలో ఏమీ తెలియలేదు గానీ సెక్రెటరీ నాలుగు అని రాసింది. బోల్టు పెట్టె వెనక్కి పంపించాలని కూడా రాసింది. కృపావరం అందరికీ థాంక్స్ చెప్పాడు. కడుపు నిండినట్టే ఉంది గానీ, ఎక్కడో ఒక ముద్ద తక్కువైంది. తాళంచెవి సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఓటు కమిటీది, తాళం నాది" అంది యివోన్ బయటికొచ్చాక, ఆయన అడక్కుండానే. "పద, గాలి బావుంది."

ఆవిడే తలుపు తీసి, తాళంచెవి ఎక్కడ దోపుకుందో ఆయన చూసేలోగా ఇంట్లోకి పోయి, ఒక గుడ్డసంచీ తీసుకొచ్చింది. కృపావరం రెక్కల మీద అసలైన కాన్వాసు పరిచాడు, తోకదూలం తోశాడు, బ్రేకు వదిలాడు. రెక్కలు బుద్ధిగా తిరిగాయి. పైఅంతస్తులో కరుణమ్మ ఓ పక్కన నిలబడింది, ముసలావిడ స్టూలు మీద కూర్చుని సంచీ ఆయన చేతిలో పెట్టింది. మూడు మూలల నల్లటి గింజలు. బక్‌వీట్, వాళ్ల ముత్తాత నాటి అట్ల గింజ.

"ఈస్టర్ మర్నాటి నుంచి," అంది కరుణమ్మ వైపు చూస్తూ. "రోజూ పొద్దున ఒక గుప్పెడు. ఒక్కరోజు మర్చిపోయాను, మర్నాడు రెండు వేశాను."

కరుణమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏం చూస్తున్నావు? రాళ్లు ఖాళీగా తిరుగుతున్నాయి, పొయ్యి" అంది యివోన్, చిరాగ్గా.

కృపావరం సంచీ మూతి తొట్టి అంచుకి ఆనించి, ఆగాడు. చేయి లోపలికి పోనిచ్చాడు. కలియబెట్టాడు. గింజలు చల్లగా వేళ్ల సందుల్లోంచి జారాయి. అడుగున, గింజల మధ్య, చల్లగా, గట్టిగా, జానెడు పొడుగు ఇనుము చేతికి తగిలింది.

ఆయన దాన్ని పైకి తీయకుండా అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ముసలావిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"చూడకుండా పోసుంటే ఇంటికి పంపించేదాన్ని," అంది.